ఈ కాలం పిల్లలకు కార్ల పిచ్చి ఎందుకు తగ్గింది? ఒక షెడ్డు మేస్త్రీ సమాధానం

హనుమకొండలో మెకానికల్ రెండో సంవత్సరం చదువుతున్న తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "మా క్లాసులో అరవై మందిమి. కారు కొనాలని అందరికీ ఉంది. కారు గురించి మాట్లాడదాం రమ్మంటే మాత్రం ఇద్దరు ముగ్గురికి మించి రారు. మెకానికల్ వాళ్లమే ఇట్లుంటే మిగతావాళ్ల సంగతేంటి? అమెరికాలో కూడా కుర్రాళ్లకు కార్ల మీద మోజు తగ్గిందని చదివాను. కారణం ఫోన్లేనా?"

తమ్ముడూ, తప్పంతా ఫోన్ల మీద వేస్తే నా పని తేలికైపోతుంది. కానీ ఫోన్లు రాకముందే ఈ తగ్గడం మొదలైంది. 1990లో పదో తరగతి తప్పి, కాజీపేటలో ఒక షెడ్డులో పానాలు అందించే పనికి చేరినవాణ్ణి నేను. ఇప్పుడు వరంగల్‌లో ములుగు రోడ్డు వైపు సొంత షెడ్డు ఉంది. కాబట్టి నా సమాధానంలో ఆయిల్ వాసన కొంచెం ఎక్కువే వస్తుంది, సర్దుకో.

ముందు అమెరికాను, మనల్ని విడదీసి చూడాలి. అక్కడ 1983లో పదహారేళ్ల పిల్లల్లో 46 శాతం మంది దగ్గర లైసెన్సు ఉండేది. 2014కి వచ్చేసరికి అది నాలుగో వంతుకు పడిపోయింది. అక్కడ తగ్గిందంటే అర్థముంది, ఎందుకంటే ముందు ఉంది. ఇంటి పక్కన గ్యారేజీ, అందులో తండ్రో తాతో వాడి వదిలేసిన కారు, పదహారేళ్లకే చేతికి తాళం. మన దగ్గర 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం చూసినా కారున్న ఇళ్లు వందకు ఏడెనిమిదే. బండి, అంటే టూవీలర్, ఉన్నవి సగం దాకా ఉన్నాయి. మొన్నటి లెక్కే ఇది. నేను పనికి చేరిన రోజుల్లో కాజీపేటలో కారంటే డాక్టరుది, కాంట్రాక్టరుది, రైస్ మిల్లు సేటుది. ఆ సేట్లలో ఒక్కడికీ బోనెట్ ఎట్లా లేపాలో తెలియదు. వెనక సీట్లో కూర్చోవడమే వాళ్లకు తెలిసిన కారు.

మరి పిచ్చి ఎవరికి ఉండేది? డ్రైవర్లకు, షెడ్డు పోరలకు. అంబాసిడర్ నడిపే డ్రైవరు ఆదివారం పూట తన డబ్బులతో పాలిష్ కొని బంపర్ తుడిచేవాడు, బండి సేటుదైనా. వాళ్లను కార్ల అభిమానులని ఎవరూ అనలేదు. "మెకానిక్ పోరడు" అన్నారు, "డ్రైవర్" అన్నారు. పిల్లనివ్వడానికి కూడా వెనకాడారు. నువ్వు వెతుకుతున్న మనుషులు మన ఊళ్లో ఒకప్పుడు వాళ్లే. ఇప్పుడు వాళ్ల సంఖ్య ఎందుకు తగ్గిందో చూస్తేనే నీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

పిచ్చి ఎట్లా పట్టుకుంటుందో నా సంగతే చెప్తాను. మా ఉస్తాద్‌కు చదువు రాదు. మారుతి 800 వస్తే ఎయిర్ ఫిల్టర్ తీయించి, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ మీద చిన్న స్క్రూ చూపించి, పేచ్‌కస్, అంటే స్క్రూడ్రైవర్, నా చేతికిచ్చాడు. "లోపలికి తిప్పుకుంట పో. ఇంజన్ గుక్కపట్టినట్టు అయితది. ఆడికెల్లి ఎనక్కి తిప్పు. గొంతు సాఫ్ అయిన కాడ ఆపు" అన్నాడు. తిప్పాను. నిజంగానే ఇంజన్ గుక్కపట్టింది, వణికింది, ఆగిపోబోయింది. వెనక్కి అర చుట్టు తిప్పేసరికి గొంతు సర్దుకుని మెత్తగా కూర్చుంది. పదహారేళ్ల వయసులో నా వేలి కొసన ఒక కారు మాట వినడం అదే మొదటిసారి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము.

తర్వాత నెల తిరగకుండానే దెబ్బ తిన్నాను. ప్లగ్గులు మార్చి వైర్లు పెట్టమంటే రెండో దాన్ని మూడో దాని చోట పెట్టాను. ఆ ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు, అవి ఒకదాని తర్వాత ఒకటి మండే వరుస ఒకటి-మూడు-రెండు. నేను పెట్టింది ఒకటి-రెండు-మూడు. సెల్ఫ్ కొట్టగానే కార్బురేటర్ నోట్లోంచి మంట పైకి తన్నింది. ఫిల్టర్ పెట్టకుండా వంగి చూస్తున్నాను కదా, కనుబొమ్మలు కాలిపోయాయి. ఉస్తాద్ నవ్వి నవ్వి కూర్చుండిపోయాడు. సాయంత్రం దాకా ఎవడొచ్చినా "చెప్పురా, ఎంత?" అని అడిగించి, "ఒకటి-మూడు-రెండు" అని నాతో చెప్పించాడు. మా ఇంటామె ఫోన్ నంబరు ఈరోజుకీ నాకు రాదు. ఆ మూడంకెలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. అది చవక కారు, పాత కారు, తేలిగ్గా బాగయ్యే కారు. నేను చేసిన తప్పుకు ఎవరి ఇల్లూ మునగలేదు. వైర్లు మార్చి పెట్టగానే స్టార్టయింది. పాడుచేయగలిగిన కారు ఒకటి చేతికి అందాలి, అప్పుడే నేర్చుకుంటాడు మనిషి. 1983 డిసెంబర్‌లో మొదలై 2014 జనవరిలో ఆగిపోయిన ఆ 800 మన వరంగల్, కరీంనగర్ మెకానిక్‌లలో నా వయసు వాళ్లందరికీ బడి. దాని బోనెట్ లేపితే ఇంజన్ పక్క నుంచి కింద నేల కనపడేది. చేయి పట్టేది, పానా తిరిగేది.

1998లో శాంత్రో వచ్చింది. కార్బురేటర్ లేదు, ఎంపీఎఫ్ఐ. మొదటి బండి మా షెడ్డుకొచ్చిన రోజు ఉస్తాద్ బోనెట్ లేపి చూసి, స్క్రూ కోసం వెతికి, దొరక్క, మెల్లగా మూసేసి "షోరూముకు తీస్కపో సార్" అన్నాడు. ఆయన నోట ఆ మాట అంతకుముందు నేను వినలేదు. ఎంపీఎఫ్ఐలో ఎంత పెట్రోలు పోయాలో కంప్యూటరు లెక్క కడుతుంది. లోపలికి ఎంత గాలి పోతోంది, ఇంజన్ ఎంత వేడిగా ఉంది, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది అని సెన్సార్లు చెప్తుంటే క్షణక్షణం సర్దుకుంటుంది. తిప్పడానికి మనకు స్క్రూ మిగల్లేదు. తర్వాత 800కి కూడా అదే వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చాక సెన్సార్లు ఇంకా పెరిగాయి. ఇప్పుడు బోనెట్ లేపితే మొదట కనపడేది ఒక నల్లటి ప్లాస్టిక్ మూత. దాని మీద కంపెనీ పేరు తప్ప ఏమీ ఉండదు.

ఇదంతా చెడ్డదని నేననను. చలికాలంలో ఆదిలాబాద్ పోయిన బండికి పొద్దున్నే చోక్ లాగి, నలుగురు తోసి, దణ్ణం పెట్టుకుంటే స్టార్టయిన రోజులు నాకు గుర్తున్నాయి. నా సొంతానికి కొనుక్కున్నది కూడా కొత్త కారే. పొగ తగ్గింది, మైలేజ్ పెరిగింది, దారిలో ఆగిపోవడం చాలా తగ్గింది. కానీ దారిలో ఆగని కారు నీతో మాట్లాడదు. ఆగినప్పుడే కదా బోనెట్ లేపి, పక్కన కొడుకును నిలబెట్టి "టార్చి పట్టుకోరా" అనేవాడు తండ్రి. టార్చి పట్టుకున్నవాడే మా షెడ్డుకు వచ్చేవాడు తర్వాత.

షోరూముల సంగతి ఇంకొకటి. సర్వీసుకు ఇస్తే నిన్ను ఏసీ గదిలో కూర్చోబెడతారు, కాఫీ ఇస్తారు, అద్దం అవతల కారు పైకి లేస్తుంది. అద్దం దాటి పోనివ్వరు. ప్రమాదం జరుగుతుందని వాళ్ల భయం, అదీ నిజమే. కానీ నీ కారుకు ఏం చేస్తున్నారో పక్కన నిలబడి చూసే అవకాశం పోయి కాఫీ వచ్చింది. నాకైతే ఆ బేరం గిట్టుబాటు కాలేదు.

రెండేళ్ల కింద మాకు తెలిసినాయన కొడుకు, ఇంటర్ పిల్లగాడు, నెట్‌లో ఫాగ్ ల్యాంపులు తెప్పించాడు. వీడియో చూసి హెడ్‌లైట్ వైరు కోసి కలిపాడు. లైట్లు వెలిగాయి, వాడి మొహం అంతకంటే ఎక్కువ వెలిగింది. వారానికి డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపాలు పడ్డాయి. షోరూముకు తీసుకుపోతే వైరు కోసిన గుర్తు చూపించి వారంటీ వర్తించదన్నారు. వాళ్ల రూలు వాళ్లది, తప్పు పట్టలేను. రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు, పెట్టి బ్యాటరీ నుంచి వేరే లైన్ లాగితే ఏ గోలా ఉండేది కాదు, అడిగి ఉంటే నేను అరగంటలో చూపించేవాణ్ణి. ఖర్చు సంగతి అట్లుంచు, తండ్రి ఆ రోజు నుంచి కొడుకును బోనెట్ ముట్టనివ్వలేదు. పది లక్షల కారు, ఏడేళ్ల ఈఎంఐ. ఆయన్ని మాత్రం ఏమంటాం?

చట్టం కూడా బిగిసింది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు, కంపెనీ ఇచ్చిన రూపాన్ని యజమాని తన ఇష్టానికి మార్చకూడదని చెప్పింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్టం సవరించారు. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. మైనరు బండి నడిపి దొరికితే తండ్రికి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, పిల్లవాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. హంటర్ రోడ్డు మీద రాత్రిపూట పోరలు బండ్లు తోలే తీరు చూసినవాణ్ణి, ఈ చట్టం వద్దని నేనెట్లా అంటాను? ప్రమాదంలో నుజ్జయిన బండ్లు మా షెడ్డుకే వస్తాయి. కాకపోతే పదిహేనేళ్ల పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పొలం బాటలో స్టీరింగ్ ఇచ్చే తండ్రులు ఇప్పుడు లేరు.

పాడుచేయగలిగిన కారు అన్నాను కదా, అది కూడా మాయమవుతోంది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి 5,000. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. దాని మీద గ్రీన్ ట్యాక్సు, ఇన్సూరెన్సు. ముప్పై వేలకు దొరికే పాత వరంగల్ ఏపీ 36 నంబరు బండికి అంత పెట్టేవాడు ఎవడు? తూకానికి అమ్మేస్తున్నారు. నీలాంటి విద్యార్థి నలుగురు దోస్తులతో డబ్బులు పోగేసి కొనుక్కునే కారు ఇదే, తుక్కు కిందికి పోయేదీ ఇదే. నన్నడిగితే ఫోన్ కంటే పెద్ద దెబ్బ ఇదే.

ఇక వయసు. పిచ్చి పట్టే వయసు పద్నాలుగు నుంచి పంతొమ్మిది. మన పిల్లలు ఆ ఏళ్లు ఎక్కడ గడుపుతున్నారో నీకు నేను చెప్పాలా? పొద్దున ఐదున్నరకు స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్. బయటికి వచ్చేసరికి చేతిలో ఎంసెట్ ర్యాంకు ఉంటుంది, స్క్రూ ఏ వైపు తిప్పితే బిగుస్తుందో తెలియదు. ఉద్యోగానికి హైదరాబాద్ పోతాడు, మెట్రో, క్యాబ్. ఇరవై ఏడేళ్లకు కారు కొంటాడు. నా దగ్గర సలహా అడిగేవాళ్లు ఒకప్పుడు "ఎంత లాగుతది? క్లచ్ ఎట్లుంది?" అనేవాళ్లు. ఇప్పుడు "అన్నా, సన్‌రూఫ్ ఉందా? స్క్రీన్ ఎన్ని ఇంచులు?" అంటారు. ఎండాకాలంలో రామగుండంలో సన్‌రూఫ్ దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

షెడ్డు పోరలూ రావడం లేదు. 1995లో మా ఉస్తాద్ దగ్గర ఆరుగురం ఉండేవాళ్లం. ఇప్పుడు నా దగ్గర ఇద్దరు, ఇద్దరూ బిహార్ నుంచి వచ్చినవాళ్లే. మన పిల్లలు డెలివరీ బండ్లు ఎక్కారు, ఫోన్ రిపేర్ దుకాణాలు పెట్టారు. జగిత్యాల వైపు వాళ్లయితే గల్ఫ్ పోయారు. దీనికి నాకు పెద్ద బాధ లేదు. పని తప్పితే ఉస్తాద్ పదమూడు పానాతో మోకాలి చిప్ప మీద కొట్టేవాడు. ఆ గుర్తు ఇంకా ఉంది. అట్లాంటి చదువు నా కొడుకుకు వద్దనే అనుకున్నాను. వాడు డిగ్రీ చేశాడు, బ్యాంకులో ఉన్నాడు. వాడికి టైరు మార్చడం రాదు. నేను నేర్పలేదు, వాడు అడగలేదు. ఈ సమాధానంలో ఎవరినైనా తప్పు పట్టాలంటే ఆ వరుసలో నేనూ ఉన్నాను.

అట్లా అని కుర్రాళ్లకు యంత్రాల మీద మోజే పోయిందా అంటే, మిర్చి సీజన్‌లో ఒకసారి ఎనుమాముల మార్కెట్ బయట నిలబడు. వరుసగా ట్రాక్టర్లు. ఒకదానికి వెనక మనిషి ఎత్తు సౌండ్ బాక్సులు, ఇంకోదానికి బంపర్ నిండా కుచ్చులు, దాన్ని నడిపే ఇరవై ఏళ్లవాడికి హైడ్రాలిక్ పంపులో ఏ సీల్ పోతే లిఫ్ట్ దిగిపోతుందో నోటి మీద ఉంటుంది. మన ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇంజన్ తెలిసిన కుర్రాళ్లు ఎక్కువ మంది ట్రాక్టర్ల మీద, హార్వెస్టర్ల మీద ఉన్నారు. టౌన్‌లో బైకుల మీద ఉన్నారు. 1996లోనే తయారీ ఆగిపోయిన ఆర్ఎక్స్ 100 కోసం, అది ఆగాక పుట్టిన పోరలు ఇవాళ లక్ష రూపాయలు పట్టుకుని తిరుగుతున్నారు. ఎందుకంటే దాన్ని ఒక్క సాయంత్రంలో విప్పి బిగించొచ్చు. కార్ల క్లబ్బుల్లో వెతికితే వీళ్లు నీకు కనపడరు.

కొత్త కార్లకు కూడా దారి మూసుకుపోలేదని నాకు చూపించింది ఒక ట్యాక్సీ డ్రైవర్ కూతురు. పాలిటెక్నిక్ చదువుతోంది. పోయిన వానాకాలం తండ్రి డిజైర్ వణుకుతోందని ఇద్దరూ వచ్చారు. నేను బోనెట్ లేపేలోపే ఆ అమ్మాయి స్టీరింగ్ కింద ఉన్న పోర్టుకు అగ్గిపెట్టె అంత బ్లూటూత్ ముక్క తగిలించింది. వెయ్యి లోపు ధర. ఫోన్‌లో కోడ్ చూపించింది: పీ0303. "అంకుల్, మూడో సిలిండర్‌లో మిస్ ఫైర్, సరిగ్గా మండట్లేదు. ప్లగ్గో కాయిలో తెలియట్లేదు" అంది.

"ఫోన్ పక్కన పెట్టి పది నంబరు పానా తీసుకో బిడ్డా" అన్నాను. ఆ ఇంజన్‌లో ఒక్కో ప్లగ్గు మీద దాని నిప్పురవ్వకు కరెంటు ఇచ్చే కాయిల్ ఒక్కోటి కూర్చుని ఉంటుంది, ఒక్క బోల్టు, ఒక్క సాకెట్. మూడో దాని కాయిల్ పీకి ఒకటో దాంట్లో, ఒకటో దాన్ని మూడో దాంట్లో పెట్టించాను. ప్లగ్గులు కదపలేదు. పాత కోడ్ చెరిపేసి స్టార్ట్ చేసి, చుట్టూ ఒక రౌండు తిప్పి తెచ్చారు. కోడ్ మళ్లీ పడింది, ఈసారి పీ0301. తప్పు కాయిల్‌తో పాటే నడిచి ఒకటో సిలిండర్‌కు వచ్చింది. అంటే ప్లగ్గు బాగుంది, కాయిల్ పోయింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "ఓహ్!" అంది. తమ్ముడూ, 1990లో కార్బురేటర్ స్క్రూ తిప్పినప్పుడు నా మొహం ఎట్లా ఉండి ఉంటుందో ఆ రోజు చూశాను. తర్వాత మూడు ఆదివారాలు వచ్చింది.

నీకు నేను చెప్పగలిగింది ఇంతే. మీ క్లాసులో కార్ల గురించి మాట్లాడేవాళ్లు దొరకకపోతే మాటలు మానెయ్, చేతికి పని దొరికే చోటుకు పో. 2007 నుంచి బాజా అనే పోటీ జరుగుతోంది, ఇంజనీరింగ్ విద్యార్థులు సొంతంగా గుట్టలెక్కే బండి తయారు చేసి నడపాలి. ఇంజన్ వాళ్లు చెప్పిందే పెట్టాలి, ఫ్రేము, సస్పెన్షన్, స్టీరింగ్ మీ చేతిపని. మన దగ్గరి కాలేజీ జట్టు ఒకటి పాత 800 స్టీరింగ్ ర్యాక్, నకిల్స్ వెతుక్కుంటూ నా దగ్గరికే వచ్చింది. మీ కాలేజీలో జట్టు ఉందేమో అడుగు. డబ్బులు, సెలవులు కుదరవంటే ఇంకో దారి ఉంది. మేడారం జాతర అయిపోయిన వారం మాత్రం వద్దు, కాలిన క్లచ్ ప్లేట్ల పనితో మాకు ఊపిరి ఆడదు. మిగతా ఏ ఆదివారమైనా పదింటికి మా షెడ్డుకు రా.

వెనక రేకుల కింద ఒక 800 ఉంది, కార్బురేటర్‌దే. యజమాని రెన్యువల్ చేయించలేక నాకే వదిలేశాడు. పాత బట్టలు వేసుకుని రా. నీ దోస్తులను ఇద్దరిని తెచ్చుకో, ముగ్గురు దాటితే మీద మీద పడతారు. ఫోన్ తెచ్చుకున్నా ఏమీ అనను. ప్లగ్గు వైర్లు పీకే ముందు ఏది ఎక్కడుందో ఫోటో తీసుకో.